బట్టీ రంగు

"నా కంఠంలో ప్రాణం ఉండగా వాడి ఒంట్లోంచి చుక్క రక్తం తీయనివ్వను" అని తేల్చి చెప్పేసి, ఆ మాటకు కాపలా కాస్తున్నట్టుగా అత్తగారు మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడను దాటకుండా మేడ మీది నుంచి ఎవరూ కిందికి దిగలేరు. రేపు ఉదయం ఆసుపత్రికి వెళ్ళి రక్తం తీయించుకోవలసిన పెద్ద కొడుకు ఆ మేడ మీదే ఉన్నాడు, కుడి చేతికి సిమెంటు కట్టుతో.

కోడలు పొద్దుటి నుంచి మెట్లెక్కుతోంది, దిగుతోంది. పైన మొగుడు నోరు విప్పడు, కింద అత్తగారు నోరు మూయదు. మధ్యలో అడకత్తెరలో పోకచెక్కలా తనొకత్తి. ముందుగదిలో బేకరీ కౌంటరు, వెనక బట్టీ గది. బన్నుల కోసం వచ్చినవాళ్ళు అరుస్తుంటే పరుగెత్తి చిల్లర ఇచ్చి రావడం కూడా ఆవిడ పనే.

నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చెయ్యి విరిగిన తీరే ఎవరికీ మింగుడు పడలేదు. మనిషి జారిపడితే విరుగుతుంది, బండి గుద్దితే విరుగుతుంది. పెద్దవాడికి తొట్టిలో పిండిముద్ద తిరగేస్తుంటే విరిగింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడయిందని, పక్కనే ట్రేలకు నూనె రాస్తున్న తమ్ముడు చెప్పాడు. ఆ సంగతి విన్న ఖాతాదారులు ముందు అయ్యో అన్నారు, తరువాత మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు. పిండి పిసికి చెయ్యి విరగ్గొట్టుకున్నవాణ్ణి వాళ్ళు మాత్రం ఎక్కడ చూశారు?

దాని మీద డాక్టరమ్మ చెప్పిన సంగతి మరీ విడ్డూరం. ఒంట్లో ఇనుము ఎక్కువైందట. అది కాలేయంలో, కీళ్ళలో పేరుకుని, ఎముకల్ని గుల్ల చేసిందట. దానికి విరుగుడు మాత్రలు కాదు, కొన్నాళ్ళపాటు వారం వారం కాస్త రక్తం తీసేయడమట.

"నువ్వే చెప్పమ్మాయ్" అంది అత్తగారు, కోడలు ఇంకోసారి మెట్లు దిగుతుంటే. "గోడలో ఇనపచువ్వలు వేస్తే గోడ గట్టిపడుతుందా, కూలిపోతుందా?"

డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నప్పుడు కోడలికీ సరిగ్గా ఇదే అనుమానం వచ్చింది. చదువుకున్నదానివై ఉండి ఇంత మాత్రం తెలియదా అనుకుంటుందేమోనని అడగలేదు. ఇప్పుడు అత్తగారు అడుగుతుంటే తన నోరే తనను నిలదీస్తున్నట్టుంది.

పైగా కోడలు నిన్న ఆసుపత్రి నుంచి రాగానే ఒక పొరపాటు చేసింది. కాలేయం సంగతి చెబుతూ, మీ ఆయన తాగుతారా అని డాక్టరమ్మ అడిగిందని కూడా చెప్పేసింది. ఇనుము మాట, ఎముక మాట అన్నీ గాలికి పోయాయి, అత్తగారికి ఆ ఒక్క ముక్క మిగిలింది. సోడా తాగితేనే తేనుపులతో అల్లాడిపోయే నా కొడుకు తాగుబోతా అని రాత్రి కంచం ముందు మొదలుపెట్టింది, ఇంకా ఆపలేదు. అలాంటి డాక్టరు రక్తం తీస్తానంటే నమ్మడం ఎలాగన్నది ఆవిడ వాదన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషితో ఎవరు వాదించగలరు?

కానీ కోడలికి తెలుసు, అత్తగారి కోపం తాగుడు మాట మీద కాదు. అసలు కోపం, డాక్టరమ్మ ఒంటి రంగును కూడా అనుమానించిందన్న మాట మీద.

ఆ ఇంట్లో బట్టీ రంగు అనే మాట ఒకటుంది. రొట్టె పైపొర కాలి కాలి ఏ రంగుకు తిరుగుతుందో, బట్టీ ముందు నిజాయితీగా నిలబడ్డ మగవాడి ఒళ్ళు ఆ రంగుకు తిరుగుతుందని ఆ వంశం నమ్మకం. గోడ మీద రంగుల ఫోటోలో మామగారు ఆ రంగులోనే ఉంటారు. చివరి రోజుల్లో నడుం వంగిపోయి, తుంటి విరిగి మంచాన పడి పోయారాయన. బస్తాలు మోసీ మోసీ అలా అయ్యారని అందరూ అనుకున్నారు. పోయే ముందు కొడుకులిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూశారు. పెద్దవాడికి ఆ రంగు పట్టింది. చిన్నవాడు పాలరాయిలా తెల్లగా ఉన్నాడు. బట్టీలోంచి రొట్టెలు తీసే పొడవాటి చెక్కపారను పెద్దవాడి చేతిలో పెట్టి, వ్యాను తాళం చిన్నవాడి చేతిలో పెట్టారు. ఆనాటి నుంచి చిన్నవాడికి మైదా అన్న పేరు స్థిరపడిపోయింది. తల్లి అలాగే పిలుస్తుంది, దుకాణాలవాళ్ళు అలాగే పిలుస్తారు, పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా వీధి మొదట్లో మైదా వాళ్ళ ఇల్లేదని అడిగి మరీ వచ్చారు.

నిన్న డాక్టరమ్మ ఆ రంగు మీదే చెయ్యి వేసింది.

ముందు ఆవిడ పెద్దవాడి ఎడమ చేతిని తీసుకుని చూపుడు వేలి మొదలు, మధ్య వేలి మొదలు నొక్కింది. అబ్బా అన్నాడు. ఎన్నాళ్ళుగా ఉందని అడిగితే, పిండి పిసికీ పిసికీ అలా అయిందండీ, మా పనివాళ్ళందరికీ ఉండేదే అన్నాడు నవ్వుతూ. నీరసం సంగతి అడిగితే తెల్లవారకముందే లేస్తాం కదండీ అన్నాడు. రంగు సంగతి అడిగితే బట్టీ సెగ అన్నాడు. ఆవిడ ఏది అడిగినా ఆయన బేకరీలోంచే జవాబు తీసి ఇచ్చాడు. అన్నీ ఓపిగ్గా విని, ఆవిడ చొక్కా పైకెత్తమంది.

"ఇక్కడ కూడా సెగ తగులుతుందా?" అని అడిగింది పొట్ట చూపిస్తూ.

పొట్టా అదే రంగులో ఉంది. కోడలు ఇన్నేళ్ళుగా చూస్తున్న పొట్టే అది, ఏనాడూ ఆ ప్రశ్న తోచలేదు. పెద్దవాడు తల వంచి తన పొట్టను ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. ఆ క్షణం నుంచి ఆయన మాట్లాడటం తగ్గించేశాడు.

తరువాత రక్తపరీక్ష ఫలితం చూసి డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఎముక మనం అనుకున్నట్టు రాయి కాదట. లోపల ఒక పక్క పాతది కూల్చేవాళ్ళు, ఒక పక్క కొత్తది కట్టేవాళ్ళు ఎప్పుడూ పనిలో ఉంటారట. ఇనుము మితిమీరితే కట్టేవాళ్ళ చేతులు పడిపోతాయి, కూల్చేవాళ్ళకు బలం వస్తుంది. కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే ఒళ్ళు తిండిలోంచి ఇనుమును అవసరానికి మించి పీల్చుకుంటుందని, పీల్చుకున్నదాన్ని బయటికి పంపే దారి ఒంటికి లేదని, ఆ రంగు కూడా ఇనుము తెచ్చిందేనని చెప్పింది. అందుకే రక్తం తీయాలి. ఆలస్యం చేస్తే ఈసారి విరిగేది వెన్నెముకో, తుంటో. మీ మామగారి సంగతి విన్నాక నాకు అనుమానం లేదంది. తోడబుట్టినవాళ్ళకు కూడా పరీక్ష చేయించమని లేచేటప్పుడు చెప్పింది.

ఆ ఆఖరి మాట కోడలు ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఒక నిప్పు ఆరకుండా ఇంకో నిప్పు ఎందుకని ఊరుకుంది.

టీ తీసుకుని పైకి వెళ్ళేసరికి పెద్దవాడు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు ఒంటిచేత్తో పెట్టుకోబోయి సగంలో వదిలేశాడు. కోడలు మిగతావి పెట్టింది. రేపు వెళుతున్నామా అని అడిగింది. ఆయన టీ అందుకుని కిటికీలో పెట్టేశాడు. ఇంకో ఎముక విరిగితే మిమ్మల్ని ఎత్తి కూర్చోబెట్టే బలం నాకు లేదండీ అంది. నిజంగానే భయపడుతోంది ఆ మనిషి. దగ్గు వచ్చినా ఆయన పక్కటెముకల వైపు చూస్తోంది.

ఆయన ఎక్కడో మొదలుపెట్టాడు.

"ఉప్పు గుర్తొస్తోంది నాకు."

ఆవిడకు అర్థం కాలేదు.

"ఉప్పు లేకపోతే రొట్టె రొట్టె కాదు. కానీ చెయ్యి జారి రెండుసార్లు పడిందనుకో, ఈస్టు చచ్చి ఊరుకుంటుంది. ముద్ద చూడటానికి బాగానే ఉంటుంది. పొంగదు. బట్టీలో పెడితే లోపల గడ్డ." ఆయన కట్టు మీద వేళ్ళు ఆనించాడు. "నాకూ అట్లాగే అయ్యుంటుంది. మంచిదే. ఎక్కువైంది."

అమ్మ ఒప్పుకోకపోతే నేను కదలనని మాత్రం చివర్లో అన్నాడు. నలభై దాటిన మగాడు తల్లి కుర్చీ దాటడానికి భయపడటం చూసి కోడలికి కోపం రావాలి. జాలి వచ్చింది, దాని వెనకాల కోపమూ వచ్చింది, ఏది ముందో ఆవిడకే తెలియలేదు.

కిందికి వచ్చి ఈసారి అత్తగారిని దాటిపోలేదు. మెట్టు మీదే కూర్చుంది.

"అత్తయ్యా, పొరపాటున పిండిలో ఉప్పు రెండుసార్లు పడితే మామయ్యగారు ఏం చేసేవారు?"

అత్తగారు అనుమానంగా చూసింది. బట్టీ సంగతి అడిగితే మాత్రం ఆవిడ ఎంత కోపంలోనూ చెప్పకుండా ఉండలేదు. పొంగని పిండి పారేసే ఇల్లా ఇది అని మొదలుపెట్టింది. ముద్దలోంచి ఒక భాగం తీసేసి, ఆ మేరకు కొత్త పిండి, కొత్త నీళ్ళు పోసి కలిపేవారంది. ఒక్కసారికే దారికి వచ్చేదా అని కోడలు అడిగింది.

"ఒక్కసారికెక్కడ వస్తుంది? మళ్ళీ కాస్త తీయాలి, మళ్ళీ కొత్తది కలపాలి. చప్పబడేదాకా చేస్తూ ఉండాలి."

అన్నాక ఆవిడే ఆగిపోయింది. కౌంటరు దగ్గర ఎవరో పిలుస్తున్నా కోడలు లేవలేదు. అత్తగారు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, సర్దినవే మళ్ళీ సర్దుకుంది.

"తీసిన రక్తం మళ్ళీ ఊరుతుందా?" అని అడిగింది చివరికి, గొంతు బాగా తగ్గించి.

ఊరుతుందని, అలా ఊరేటప్పుడు లోపల దాచుకున్న ఇనుమునే వాడుకుంటుందని, అందుకే నిల్వ తగ్గుతుందని కోడలు చెప్పింది. డాక్టరమ్మ చెప్పినప్పుడు తనకు సగమే ఎక్కిన మాట, పిండితొట్టి అడ్డం పెట్టుకుని చెప్పాక తనకూ పూర్తిగా ఎక్కింది. విరిగిన చెయ్యి అతుకుతుంది, ఎముకలు కొంతైనా కోలుకుంటాయి, కీళ్ళ నొప్పి సంగతి మాత్రం చెప్పలేమన్నారని ఉన్నదున్నట్టు చెప్పింది.

అత్తగారు లేచింది. కుర్చీని గోడవారకు జరిపింది. ఒప్పుకున్నానని అనలేదు, అనే అలవాటు ఆవిడకు లేదు. కానీ దారి తెరుచుకుంది.

"మరి రంగు?" అంది, ఫోటో వైపు చూడకుండా. "రంగు పోతుందా?"

మెల్లగా తగ్గుతుందన్నారని కోడలు చెప్పింది. అది సెగ రంగు కాదు అత్తయ్యా, జబ్బు రంగు అని కూడా చెప్పవలసి వచ్చింది.

ఆ మాట గుమ్మంలో నిలబడ్డ మైదా విన్నాడు. బట్టీ గదిలోంచి ఎప్పుడు వచ్చాడో, ఒళ్ళంతా పిండి, భుజాన తువ్వాలు. అన్న మంచమెక్కిన నాటి నుంచి బట్టీ అతనే చూస్తున్నాడు, వ్యాను ఒక స్నేహితుడికి అప్పగించాడు. అతను తల్లినీ, ఫోటోనూ మార్చి మార్చి చూశాడు.

"అంటే నాకు జబ్బు లేదని నన్ను వ్యాను ఎక్కించారా?"

ఇన్నేళ్ళుగా నవ్వుతూ పడిన మాటలన్నీ అతనికి ఒక్కసారే బరువయ్యాయి. అరవలేదు. తువ్వాలు తీసి చేతులు తుడుచుకుంటూ, ఎండలో వానలో దుకాణం దుకాణం తిరిగినప్పుడు నేను పని దొంగనని కాదా అమ్మా నువ్వనుకున్నదని అడిగాడు. బట్టీ ముందు నిలబడనివ్వకుండా రంగు రాలేదంటే ఎలా వస్తుందని అప్పట్లో తను మొత్తుకున్నది గుర్తు చేశాడు. అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా చెప్పుకుంటారు. ఆ పూట ఆ నోరు పెగల్లేదు. ఆవిడ మొహం చూస్తే ఆవిడకు బాధగా ఉందో, సిగ్గుగా ఉందో, పోయిన మొగుడి మీద కోపంగా ఉందో చెప్పడం కష్టం.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పెద్దవాడు గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ చూసుకుని దిగుతున్నాడు. ఎవరి వైపూ చూడకుండా బట్టీ గదిలోకి వెళ్ళాడు. మూలనున్న చెక్కపారను ఎడమచేత్తో తెచ్చాడు. కోడల్ని పట్టుకోనివ్వలేదు.

"నాన్నకు తెలియక నాకిచ్చాడు. నేను తెలిసి నీకిస్తున్నా" అన్నాడు. "పట్టుకో."

మైదా చెయ్యి చాచడానికి కాస్త సమయం తీసుకున్నాడు. అన్న మొహం చూశాడు, కట్టు చూశాడు. తీసుకున్నాక మాత్రం పిడిని గుండెకు ఆనించుకుని, తడికళ్ళతో నవ్వాడు. ఇంట్లో అన్ని రోజుల తరువాత ఒకరు నవ్వారు. కోడలికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఇదే మంచి సమయమనుకుని ఆ ఆఖరి మాట అప్పుడు బయటపెట్టింది. రేపు నువ్వూ రావాలట చిన్నా, తోడబుట్టినవాళ్ళకు కూడా పరీక్ష చేస్తారట అంది.

మైదా గట్టిగానే నవ్వాడు. నా రంగు చూసి కూడా ఆ మాట అంటున్నావా వదినా, మైదా అన్న పేరు ఇన్నాళ్ళకు నాకు పనికొచ్చింది అంటూ పార భుజాన వేసుకుని బట్టీ గదిలోకి వెళ్ళిపోయాడు. పెద్దవాడూ కాస్త నవ్వి, వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. రంగున్నవాడికి జబ్బు, లేనివాడికి లేదు. లెక్క తేలికగానే ఉంది. ఆ తేలికే కోడలికి నచ్చలేదు. రంగు సంగతి అడగకుండానే కదా డాక్టరమ్మ తోడబుట్టినవాళ్ళను రమ్మన్నది.

సాయంత్రపు బన్నుల కోసం ట్రేలు ఇవ్వడానికి వెళ్ళి బట్టీ గది గుమ్మంలో ఆగింది. మైదా కొత్త బస్తా విప్పుతున్నాడు. మూతి కుట్టిన దారం కొసను వేళ్ళతో పట్టుకోబోయి వదిలేసి, వంగి పళ్ళతో లాగాడు. తరువాత ముద్ద మీద పడ్డాడు. అరచేతి మడమలతో నొక్కుతున్నాడు, బాగానే నొక్కుతున్నాడు. కానీ పిండిని మడిచి తిప్పేటప్పుడు కుడిచేతి మూడు వేళ్ళే వంగుతున్నాయి. చూపుడు వేలూ మధ్య వేలూ పిండికి దూరంగా, నిటారుగా నిలబడి ఉన్నాయి.

చూసిన కళ్ళను వెనక్కి తీసుకోవడం కుదరలేదు ఆవిడకు. ట్రేలు కింద పెట్టింది.

"చిన్నా, ఒకసారి పిడికిలి పట్టు."

ఆటనుకుని ఎడమచెయ్యి చూపించాడు. అది కాదు, కుడిది అంది. అతను నవ్వు ఆపేశాడు. కుడిచేతిని పిండితోనే పైకెత్తాడు. పిడికిలి మూయబోయాడు. ఆ రెండు వేళ్ళు సగందాకా వచ్చి ఆగిపోయాయి, వేళ్ళ మొదళ్ళు ఉబ్బి ఉన్నాయి. తెల్లటి చెయ్యి. రంగన్నది ఎక్కడా లేదు.

"ఇదేం లేదు వదినా" అన్నాడు. "స్టీరింగు పట్టుకుని పట్టుకుని అలా అయింది. వ్యాను నడిపేవాళ్ళందరికీ ఉండేదే."

ఇదే మాట, ఇదే నవ్వుతో, కోడలు నిన్న డాక్టరమ్మ గదిలో ఇంకో నోట విన్నది. పొద్దున ఆ పిండితొట్టిని అతను ఒక్కడే ఎత్తి బల్ల మీద పెట్టడం గుర్తొచ్చింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు తను వినలేదు, విన్నవాడు ఎదురుగా ఉన్నాడు.

మైదా గుమ్మం వైపు ఒకసారి చూసి, దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నయ్యకు చెప్పకు వదినా. పార ఇవాళేగా నా చేతికొచ్చింది."

ముందుగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. చాలాసేపటి తరువాత అత్తగారి గొంతు మళ్ళీ లేచింది, మునుపటి గట్టిదనం లేదు దానిలో.

"అమ్మాయ్, రేపు ఆసుపత్రికి పెద్దోడి వెంట ఎవరెవరు వెళుతున్నారు? చిన్నోణ్ణి కూడా రమ్మన్నారన్నావుగా, వాడికి అవసరమేనంటావా?"

మైదా వెనక్కి తిరిగి, మూడు వేళ్ళతో పార అందుకుని, బట్టీ తలుపు తీశాడు. కోడలి జవాబు కోసం ముందుగదిలో అత్తగారు, మెట్ల మీద మొగుడు, ఎదురుగా వీపు తిప్పుకుని మరిది, ముగ్గురూ ఎదురుచూస్తున్నారు.